పటములో చోటులేని పిల్లి

మాయలును మంత్రములును గల కథాపుస్తకములను మన పాఠశాల గ్రంథాలయమునందుంచుట యుక్తమా యని యొక విద్యార్థిని తండ్రిగారు గత సంవత్సరము నన్నడిగిరి. వారు కోపముతో నడుగలేదు. కుమార్తె తెచ్చుకొన్న చిన్న ఆంగ్లపుస్తకమును చేతబట్టుకొని వచ్చి, "మాష్టారూ, ఇందులో పటములోని బొమ్మ చేయి చాపుచున్నది. ఒక పిల్లి దాని క్రింద తల వంచుచున్నది. మా అమ్మాయి దీనిని నాలుగుమారులు చదివి నాలుగుమారులు నేడ్చినది. జరిగిన సంగతి కాదు గదా, మరి యిది యేల చదువవలెను?" అనిరి. ప్రశ్న మంచిది. గుమ్మము దగ్గర నిలువబడి రెండు మాటలలో జెప్పదగిన ప్రత్యుత్తరము కాదు గనుక, వార్షిక సంచికలో వ్రాసెదనని మాటయిచ్చితిని.

ఆ పుస్తకము పేరు "ది కాట్ హూ వెంట్ టు హెవెన్". పరలోకమునకేగిన పిల్లి యని మనము చెప్పుకొందము. వ్రాసినది ఎలిజబెత్ కోట్స్‌వర్త్ అను అమెరికా దేశపు రచయిత్రి. అది 1930వ సంవత్సరమున బ్రకటింపబడి, మరుసటి యేట బాలసాహిత్యమునకిచ్చు న్యూబరీ పతకమును బొందినది. లిండ్ వార్డ్ అను చిత్రకారుడు దానికి బొమ్మలు వేసెను. నూరు పుటలైనను లేని చిన్న గ్రంథము. కథ జరిగిన చోటు పూర్వకాలపు జపాను. రాజులుగాని, యుద్ధములుగాని, నిధులుగాని యందు గానరావు. ఒక బీద చిత్రకారుడు, అతని యిల్లు చూచుకొను నొక ముసలామె, ఒక పిల్లి. కథలో ముఖ్యులు వీరే. ఆ తండ్రిగారు వచ్చిపోయిన తరువాతి శనివారమునుండి నేను దీనిని ఎనిమిదవ తరగతి పిల్లలకు తెలుగున జెప్ప నారంభించితిని.

చిత్రకారుడు ఆకలితో గూర్చుండి, బజారునకు బోయిన ముసలామె తెచ్చు నాహారమునకై యెదురుచూచుచుండును. ఆమె మూతగల వెదురుబుట్ట నొకదానిని మోసికొని వచ్చును. చేపయో మరేదియో యని యతడు ఆశపడుచుండగా, బుట్టలోనుండి తెల్లని పిల్లి తల యెత్తును. ఇచ్చటికి వచ్చుసరికి తరగతి యంతయు గొల్లున నవ్వెను. వసతిగృహమున నుండు బాలురు మాత్రము కొంచెము ఆలస్యముగా నవ్విరి. ఆకలితో మూత తీయువాని మొగము వారెరిగినదే.

చిత్రకారునికి కోపము వచ్చును. తమకే కూడు లేనిచోట పిల్లికేమి పెట్టుట? మన తెలుగువారు లోభిని జెప్పవలసివచ్చినపుడు పిల్లికి బిచ్చము పెట్టనివాడందురు. బిచ్చమడుగువారిలో కడపటిది పిల్లి; దానికంటె తక్కువ యడుగువారు లేరని మన పెద్దలెంచిరి కాబోలు. ఈ చిత్రకారుడు లోభి కాడు, నిజముగనే లేనివాడు. అయినను ముసలామె తన పట్టు విడువలేదు. ఆ యిల్లు ఒంటరిదై యుండెను. ఆ పిల్లికి దిక్కు లేదు. ఆమెకు రెండును దెలిసినవి. పిల్లి మూడు వన్నెలది. అట్టిది యింట నున్న శుభమని జపానువారి నమ్మిక. ఆ నమ్మికను బట్టుకొని యతడును మెత్తబడి, దానికి "అదృష్టము" అని పేరు పెట్టెను. పిల్లి యింట నిలిచినది గాని, భోజనము మాత్రము మరునాడే పెరుగలేదు. ఇది నాకు నచ్చిన విషయము.

తరువాత నగరములోని యాలయపు ప్రధాన యాజకుడు వచ్చి, బుద్ధుడు దేహము చాలించు ఘట్టమును చిత్రింపుమని యతనికి బని యొప్పగించును. బయానాగా బంగారము నిచ్చును. పటము బాగుగనున్న యెడల ధనికులందరు నిక నతనియొద్దనే చిత్రములు వ్రాయించుకొందురు. అతని దారిద్ర్యము తీరుదారి యదియొక్కటే. బుద్ధుని కడసారి చూచుటకు దేవతలును మనుష్యులును మృగములును వచ్చిరని యచ్చటి సంప్రదాయము. పటమున నవన్నియు నుండవలెను. చిత్రకారుడు తొందరపడి కుంచె పట్టలేదు. ఒక్కొక్క ప్రాణిని వ్రాయుటకు ముందు దాని జీవితమును దలపోయుచు గూర్చుండును. ఎండలో ధ్యానమున నున్న బుద్ధుని బోడితలపై నత్తలు ప్రాకి చల్లదనమిచ్చినవట. అందుచే నత్తకు జోటిచ్చెను. ఏనుగునకు, గుఱ్ఱమునకు, హంసకు, జింకకు జోటిచ్చెను. తుదకు పులికి సైతము చోటు దొరికెను.

ఒక్కొక్క ప్రాణి పూర్తియైనపుడెల్ల పిల్లి వచ్చి పటమును జూచుచుండును. తన రూపమునకై వెదకుచున్నట్లుండును. కాని పిల్లికి అందు జోటు లేదు. మృగములన్నియు బుద్ధునికి వందనము చేయగా పిల్లి యొక్కటి గర్వించి తల వంచలేదనియు, అందుచే దానికి పరలోకద్వారము మూయబడెననియు నచ్చటి పెద్దల మాట. చిత్రకారుడు మన్నింపుమన్నట్లు పిల్లికి సంగతి చెప్పును. అది నాటినుండి చిక్కిపోవును.

"పులికి చోటున్నది, పిల్లికి లేదా, మాష్టారూ?" అని ముందుబల్లమీది చిన్నవాడు లేచి యడిగెను. నేను జవాబు చెప్పక ముందే వెనుకనుండి మరియొకడు, "పులిని వెళ్ళగొట్టు ధైర్య మెవనికున్నదిరా?" అనెను. ఉపాధ్యాయునికి ఇట్టి దినములు సంవత్సరమునకు రెండో మూడో వచ్చును.

చిత్రకారుడు కడపట కుంచె తీసికొని పటము చివర నొక చిన్న పిల్లిని వ్రాసెను. ఆ గీతతో బంగారము పోవునని యెరుగును. పేరు పోవునని యెరుగును. ముసలామెకును తనకును మరల పస్తులేయని యెరుగును. పిల్లి వచ్చి చూచి, సంతోషము పట్టలేక ప్రాణము విడిచెను. వారు దానిని తోటలో పూడ్చిరి. యాజకుడు వచ్చి పటమును మెచ్చుకొని, మెచ్చుకొని, కడపట పిల్లిని గాంచెను. రేపు దీనిని దహింతుమని చెప్పి పటమును గొనిపోయెను. మరునాడు జనులు పరుగెత్తివచ్చి చిత్రకారుని ఆలయమునకు లాగికొనిపోయిరి. అచ్చట పటములోని బుద్ధుని చేయి, అతడు వ్రాసినచోట గాక, ముందునకు జాపబడి యున్నది. ఆ చేతిక్రింద పిల్లి యున్నది. కథ యింతే.

జపానులో ఈ ఘట్టమును చిత్రించిన పాతపటములు పెక్కు గలవు. సాధారణముగా వానియందు పిల్లి యుండదు. కాని క్యోటో నగరమున తోఫుకుజీ యను ఆలయమున మించో యను సన్న్యాసి 1408వ సంవత్సరమున వ్రాసిన మిక్కిలి పెద్ద పటమునందు పిల్లియున్నది. అతనికి రంగు తక్కువపడగా నొక పిల్లి తెచ్చియిచ్చెననియు, ఆ మేలునకై దానిని జేర్చెననియు నచ్చట జెప్పుకొందురు. ఈ మాట విన్నపుడు మా పిల్లలు బల్లలు చరచిరి. తాము తలచుకొన్న న్యాయము ఆరువందల యేండ్ల క్రిందటనే యొకడు చేసెనని వారికి సంతోషము.

ఇప్పుడు మాయ సంగతి. అది యెప్పుడు వచ్చెనో చూడుడు. పిల్లి యాకలితో నున్నపుడు రాలేదు. ముసలామె బుట్ట నెత్తుకొని నడచుచున్నపుడు రాలేదు. చిత్రకారుడు కుంచె చేతబట్టి తడబడుచున్నపుడు రాలేదు. పిల్లిని రక్షించిన పని యంతయు ముగిసిన పిమ్మట, ఒక రాత్రి గడచిన పిమ్మట, అది వచ్చినది. పిల్లిని రక్షించినది బుట్ట మోసిన ముసలామె. దానిని పటమున జేర్చినది బీదవాని కుంచె. మాయ సాక్ష్యము చెప్పుటకు మాత్రము వచ్చినది. "ఆ రాత్రి అద్భుతము జరుగకపోయినచో?" అని యొక బాలిక యడిగినది. తరగతి రెండుగా జీలిపోయెను. పటము కాలిపోవును, అతడు వెఱ్ఱివాడగును అని కొందరు. కాలిపోయినను వ్రాయుట మంచిదే యని కొందరు. గంట కొట్టువరకు వాదించిరి. నేను తీర్పు చెప్పలేదు. ఆ వాదము కొరకే యీ పుస్తకము గ్రంథాలయమున నుండదగినదని నా యభిప్రాయము.

ఆ తండ్రిగారు జెప్పినట్లు అది జరిగిన సంగతి కాదు. చదువు పిల్లకును ఆ మాట దెలియును. కథలోని మాయ, ఇది మాయయే యని యొప్పుకొని వచ్చును. దానివలన నెవరి యిల్లును గూలదు. నాకు భయము గొలుపునది మరియొక మాయ. పుస్తకముననుండక వీధిలోనికి వచ్చి, సత్యమని పేరు పెట్టుకొని, ఒక మనుష్యురాలి తలుపు తట్టునట్టిది. దానిలోను పిల్లియున్నది. అందుచే దానిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

ఇంగ్లండులో ఎస్సెక్స్ మండలమున హాట్‌ఫీల్డ్ పెవెరెల్ అను గ్రామము గలదు. 1566వ సంవత్సరమున ఆ గ్రామమునకు జెందిన ఆగ్నెస్ వాటర్‌హౌస్ అను విధవరాలిని చెమ్స్‌ఫర్డ్ పట్టణమున మంత్రగత్తె యని విచారించిరి. ఆమెకు అరువది యేండ్లు దాటినవి. మంత్రవిద్యను మరణదండనకు దగిన నేరముగ జేసిన శాసనము మూడేండ్ల క్రిందటనే, 1563లో, పుట్టియుండెను. పొరుగువాని నొకనిని మంత్రముచే జంపెనని ఆమెపై నేరము మోపిరి. ఆ చంపుటకు సాధనమేది? ఒక మచ్చల పిల్లి. దాని పేరు సాతాను అని విచారణలో జెప్పబడినది. ఎలిజబెత్ ఫ్రాన్సిస్ అను పొరుగామె యొక రొట్టెకు మారుగా దాని నామెకిచ్చినదట. ఆ విచారణను అదే యేడు చిన్న పుస్తకముగ నచ్చువేసిరి గనుక ఈ సంగతులు మనకు దక్కినవి.

అందులో నొక మాట యున్నది. నేనెన్నిమారులు చదివినను అచ్చట నాగిపోవుదును. ఆగ్నెస్ ఆ పిల్లిని చాలకాలము కుండలో ఉన్ని వేసి యందు బడుకొనబెట్టెనట. పిమ్మట బీదతనమువలన ఆ ఉన్నితో దనకే పని గలిగినది. ఉన్నిని దీసికొనవలసివచ్చి, పిల్లిని కప్పగా మార్చితినని యామె యొప్పుకొన్నట్లు వ్రాసియున్నది. న్యాయాధిపతులు కప్పను జూచిరి. నాకు ఉన్ని కనబడుచున్నది. కప్ప మాట యామె యే భయమున జెప్పెనో యెవడెరుగును? కాని కుండయు, ఉన్నియు, ఆ ఉన్నికే కరవు వచ్చిన యిల్లును కల్పనగా దోచవు. పేదరాలు పిల్లిని వెచ్చగా నుంచుకొనెను. పిమ్మట తనకే వెచ్చదనము లేకపోయెను. ఆ యేటి జూలై మాసమున నామెను ఉరితీసిరి. పదునెనిమిదేండ్ల కుమార్తెను గూడ నదే నేరమునకు నిలువబెట్టి, నిర్దోషి యని విడిచిరి.

విచారించినవారు క్రైస్తవులు. ఉరికొయ్య యెక్కినామెయు ప్రార్థనలు నేర్చిన క్రైస్తవురాలే. మిషను పాఠశాల పత్రికయని యీ సంగతిని దాచుట నాకిష్టము లేదు. పరిశుద్ధ గ్రంథమున మనము చదువు అరువదియారు పుస్తకములలో ఇంటిపిల్లి ప్రస్తావన యెచ్చటను గానరాదు. కాబట్టి పిల్లిపై నింద యచ్చటనుండి వచ్చినది కాదు. అది భయమునుండి వచ్చినది. బిడ్డ జబ్బుపడును, ఆవు పాలివ్వదు, పంట పోవును, కారణము దెలియదు. వీధి చివర నొంటరిగా నొక ముసలిది యుండును, దానికొక పిల్లి యుండును. అంతే చాలును.

మంత్రవిద్యకు మరణదండన విధించు శాసనములు ఆ రాజ్యమున 1735వ సంవత్సరపు చట్టముతో బోయినవి. 1860లో మేరీ టీల్బీ అను స్త్రీ లండను నగరపు హాలోవే ప్రాంతమున, దిక్కులేక యాకలితో దిరుగు కుక్కలకొక తాత్కాలిక నివాసమును స్థాపించినది. బిడ్డలకే దిక్కులేని నగరమున కుక్కలకు సత్రమా యని పత్రికలు పరిహసించినవి. ఆ యాక్షేపణ నేటికిని వినుచున్నాము. దానిలో కొంత న్యాయమును లేకపోలేదు. కాని కుక్కకు గంజి పోసినందున బిడ్డ గిన్నె తరిగిన దాఖలా నేనెరుగను. ఆమె 1865లో మరణించినది. ఆమె స్థాపించిన నివాసము 1871లో బాటర్సీకి మారి, 1883 నుండి పిల్లులను గూడ జేర్చుకొన నారంభించినది. పిల్లికి అచ్చటను కుక్క వెనుకనే చోటు దొరికినదన్నమాట.

ఇట్లు లోకము కొంత మారిన పిమ్మటనే మంత్రగత్తెయు పిల్లియు పిల్లల పుస్తకములలోనికి నిర్భయముగ రాగలిగిరి. 1955లో బార్బరా స్లే యను ఆంగ్ల రచయిత్రి "కార్బొనెల్" అను కథ వ్రాసినది. కుట్టుపనితో గాలక్షేపము చేయు విధవరాలి కుమార్తె రోజ్‌మేరీ, సెలవులలో ఇండ్లు ఊడ్చి తల్లికి సాయపడ దలచి, చీపురు కొనుటకు సంతకు బోవును. ఆమెకు దొరికినది మంత్రగత్తె చీపురు, దానితోబాటు ఒక నల్లపిల్లి. అది పిల్లులకు రాజట; మంత్రముచే దాస్యమున జిక్కినదట. బాలిక దానిని విడిపించుటయే కథ. నిజము చెప్పవలెనన్న, మంత్రసామగ్రిని వెదకు భాగములు కొంత సాగదీసినట్లు నాకు దోచినవి; కోట్స్‌వర్త్ గ్రంథమున నొక్క మాటయు నెక్కువ లేదు. కాని పిల్లలు నా మాట వినరు. వారికి కార్బొనెలే యెక్కువ యిష్టము, అది మాటలాడును గనుక. అందులో గూడ తల్లికి సాయపడవలెనని సంతకు బోయిన పేదపిల్ల చేతిలోనే పిల్లికి విడుదల గలిగినదను మాట మాత్రము గమనింపదగినది.

ఇక మన యూరి సంగతి చెప్పెదను. ఎస్సెక్స్ గ్రామపు కథ దూరదేశపుదని పై తరగతులవారు తేలికగ దీసికొందురేమోయని శంక, తీసికొనుటకు వీలులేదు. మన తెలుగు మండలములలో చిల్లంగి యనియు, తెలంగాణమున బాణామతి యనియు బిలువబడు నమ్మికలు గలవు. ఆ యనుమానముతో మనుష్యులను గొట్టుట, పండ్లూడదీయుట, చంపుట సైతము జరిగినట్లు వార్తాపత్రికలలో మనము చదివియున్నాము.

మన పాఠశాల ప్రహరీకి వెనుక, చింతచెట్టు ప్రక్కన పెంకుటింటిలో నొక వృద్ధురాలుండెడిది. విరామ సమయమున గేటు దగ్గర వేరుసెనగ ఉండలు, జీళ్ళు అమ్ముకొని జీవించెడిది. పిల్లలందరు నామెను ఎదుట మామ్మగారనియే పిలిచెడివారు. ఆమె యింట నాలుగైదు పిల్లులెప్పుడును నుండెడివి. అవి యామె తెచ్చుకొన్నవి కావు. ఎవరో గోనెసంచిలో గట్టి చింతచెట్టు క్రింద వదలిపోయినవే యెక్కువ. మూడేండ్ల క్రిందట వర్షాకాలమున, ఆ వెనుక వీధిలో నొక పసివానికి జ్వరము పట్టి పది దినములైనను దిగలేదు. ఆ యింటి పెంకులపై రాత్రివేళ మామ్మగారి పిల్లి కనబడినదని యొకరనిరి. మరునాటికి చిల్లంగి యను మాట వినబడెను. ఆ దినమునుండి గేటు దగ్గర నామె బుట్ట నిండుగనే యుండిపోయెడిది. కొందరు కుర్రవాండ్రు ఆమె పిల్లిని రాళ్ళతో గొట్టగా దాని కన్నొకటి పోయెను.

ఒక సాయంకాలము పదిపదునైదుమంది యామె యింటి ముందర గుమిగూడిరని మా కాపలాదారు పరుగున వచ్చి చెప్పెను. అతడును, ఆసుపత్రి నర్సమ్మగారొకరును, నేనును బోయి ఆమె యరుగుపై గూర్చుంటిమి. ఉపన్యాసము లేమియు నియ్యలేదు. ఉపన్యాసములు వినుటకు వారు వచ్చియుండలేదు. మేము ముగ్గురము అరుగు నిండ గూర్చుండుటచే లోపలికి బోవు త్రోవ లేకపోయెను. అదియే మేము చేసిన పని. నర్సమ్మగారు మాత్రము పసివాని తండ్రిని దగ్గరకు బిలిచి, జ్వరమెన్ని దినములనుండి, ఏ వేళ పెరుగుచున్నది, ఏ నీరు త్రాగుచున్నారు అని యొక్కొక్కటిగ నడిగిరి. అతడు మొదట మొగము తిప్పుకొనెను, పిమ్మట జవాబు చెప్పెను, పిమ్మట నేడ్చెను. మామ్మగారు లోపలనుండి రాలేదు. రాత్రి పది గంటలు దాటిన తరువాత, అందరు వెడలిపోయిన తరువాత, తలుపు సందునుండి చెంబుతో మంచినీళ్ళు మాత్రము అరుగుపై బెట్టినది.

తెల్లవారకముందే పసివానిని ఆసుపత్రికి జేర్చిరి. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలినది. మూడు వారములలో బిడ్డ కోలుకొనెను. దీనితో నపవాదు తొలగినదని మీరనుకొందురు. అట్లు జరుగలేదు. నలుగురు వచ్చి కూర్చుండుటచే ముసలిది భయపడి తన చిల్లంగిని వెనుకకు దీసికొన్నదని చెప్పుకొన్నవారు కొందరుండిరి. రక్తపరీక్ష కాగితము కంటె భయమునకు గాళ్ళెక్కువ.

ఆ వారమే నేను పదవ తరగతివారికి ఆగ్నెస్ వాటర్‌హౌస్ విచారణను జదివి వినిపించితిని. మామ్మగారి పేరెత్తలేదు, ఎవరును ఎత్తలేదు. కుండయు ఉన్నియు వచ్చుసరికి నేనాగితిని. "చలికాలము వచ్చియుండును, మాష్టారూ" అని యొక బాలిక మెల్లగా ననెను. అంతకు మించి యా గంటలో నెవరును మాటలాడలేదు. మరునాడు విరామమున ఆ తరగతి బాలికలు అయిదారుగురు గేటు దగ్గరకు బోయి వేరుసెనగ ఉండలు కొనిరి. ఏమియు జరుగనట్లు, ధర విషయమున మామ్మగారితో వాదించి మరీ కొనిరి. ఆమెయు నేమియు జరుగనట్లే ఒక్క పైసయు దగ్గింపలేదు. రాయి విసిరినవారిలో నొకడు ఉండలు కొనలేదు గాని, ఆ శనివారము చింతచెట్టు క్రింద చేపతల యొకటి పెట్టి, ఎవరును జూడలేదనుకొని పరుగెత్తిపోయెను. నేను గ్రంథాలయపు కిటికీనుండి చూచితిని. అతడిప్పుడు కాలేజీలో నున్నాడు.

గత డిసెంబరులో మామ్మగారు కండ్లు సరిగా గనబడక, దూరమున నున్న కుమార్తె యింటికి వెడలిపోయినది. పిల్లులను బస్సులో నెక్కించుకొనుటకు కండక్ట రొప్పుకొనలేదు. వానిలో రెండు ఎటుపోయినవో తెలియదు. ఒకదానిని నర్సమ్మగారు తీసికొనిపోయిరి. కన్నుపోయిన ముసలిపిల్లి మాత్రము ప్రహరీ దాటి వచ్చి మన వసతిగృహపు వంటశాల దగ్గర మకాము పెట్టినది. వసతిగృహమున జంతువులను బెంచరాదను నియమము గలదు. వార్డెనుగారు దానిని జూచినప్పుడెల్ల ఆ నియమమును చదివి వినిపింతురు, వంటవాడు అది విన్న పిమ్మట దానికింత మజ్జిగన్నము పెట్టును. మధ్యాహ్నవేళ అది గ్రంథాలయమునకు వచ్చి, వార్తాపత్రికల బల్లపై ఎండ పడుచోట నిద్రించును. ఎనిమిదవ తరగతివారు శనివారపు కథ ముగిసిన పిమ్మట దానికి "అదృష్టము" అని పేరు పెట్టిరి. ఆ పేరున బిలిచిన అది రాదు. చేప వాసనకు వచ్చును.